కంప్యూటర్ ఎరగని రోజు

మా అత్తగారికి ఊపిరితిత్తుల జబ్బు. భవానీపురంలోని మా ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పగలూ రాత్రీ నడుస్తూనే ఉండేది. మొన్నటి లీపు సంవత్సరంలో, ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిన, పొద్దున్నే మా వీధంతా కరెంటు పోయింది. ఇన్వర్టర్ కాసేపటికే ఆగిపోయింది. అంబులెన్స్‌కి ఫోన్ చేస్తే వస్తున్నామన్నారు. మావారు సిలిండర్ కోసం స్కూటర్ మీద పరుగెత్తారు.

లైన్‌మన్ స్తంభం ఎక్కి చూసి దిగాడు.

"వైర్లన్నీ బాగానే ఉన్నాయమ్మా. కొత్త మీటర్లు కదండీ, ఆఫీసు కంప్యూటరే వాటిని ఆపేసింది, మళ్ళీ అక్కడి నుంచే ఆన్ చెయ్యాలి. దానికి ఇవాళ్టి తారీఖు తెలియట్లేదంట. ఫిబ్రవరి ఇరవై ఎనిమిది తర్వాత మార్చి ఒకటేనంటుందంట."

"మరి కరెంటెప్పుడొస్తుంది?"

"రేపు తారీఖు మారితే అదే వచ్చేసుద్దంటున్నారండీ."

"ఈవిడకి ఇప్పుడు ఊపిరాడట్లేదు బాబూ!"

అతను మళ్ళీ ఆఫీసుకి ఫోన్ చేశాడు. అవతలి నుంచి అదే మాట.

నేను లోపలికి వెళ్ళి అత్తగారిని గుండెకి ఆనించుకుని విసనకర్రతో విసురుతూ కూర్చున్నాను. ఆవిడ పెదాలు నల్లబడుతున్నాయి.

"ఇక చాల్లేవే, చెయ్యి లాగుద్ది నీకు" అన్నారు. అవే ఆఖరి మాటలు. అంబులెన్స్ రానేలేదు. మావారు సిలిండర్‌తో గుమ్మం ఎక్కేసరికి ఆవిడ ప్రాణం పోయింది.

మర్నాడు ఎవరూ ఏమీ చేయకుండానే కరెంటు వచ్చింది. కర్మకాండలయ్యాక ఆఫీసుకి వెళ్ళి, ఆ లోపం సరిచేశారా అని అడిగాను.

"మళ్ళీ నాలుగేళ్ళకి కదమ్మా" అన్నారు అక్కడి ఇంజినీరు గారు, నొచ్చుకుంటూనే.

అప్పటికి మా వీధిలో ఏ ఇంట్లో ఎవరు మంచాన ఉంటారో! ఆ భయం నన్ను వదలడం లేదు. ఎవరికి చెప్పుకోవాలో కూడా తెలియడం లేదు.