ఆరు నుంచి పద్నాలుగు మధ్య

పరిశ్రమల శాఖ మూడో అంతస్తులో, లిఫ్టు పక్క గదిలో, పంతొమ్మిదేళ్లుగా ఆవిడది ఒకటే పని. మైక్రోచిప్‌ల తయారీలో తమ దేశం ఇరవై దేశాల మధ్య ఎక్కడుందో, పదేళ్లకు ఎక్కడుంటుందో లెక్కగట్టి మంత్రిగారికి నివేదిక రాయడం. తోటివాళ్లు జోస్యాలమ్మ అని పేరు పెట్టారు. మొదట్లో ఉడుక్కునేది. పోనుపోను ఆ పేరుకే పలకడం అలవాటైంది.

ఆ ఏడు లెక్క అడ్డం తిరిగింది. ఆరో స్థానంలో ఉన్న దేశం పదేళ్లలో పద్నాలుగుకు జారుతోంది. ఎక్కడో పొరబడ్డానేమోనని మూడుసార్లు మొదటినుంచీ చేసింది. ఎటు తిప్పినా అదే. యంత్రాలు పాతబడ్డాయి, వాటిని నడిపే ఇంజనీర్లు ఒక్కొక్కరే బయటి దేశాలకు జారుకుంటున్నారు, చిప్‌లను పరీక్షించే యూనిట్లకు ఆర్డర్లు సగానికి పడిపోయాయి. ముందు మూతపడేవి ఆ యూనిట్లేనని ఉన్నదున్నట్టు రాసేసింది.

డైరెక్టరు పిలిచాడు. మర్యాదస్తుడు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

“లెక్క తప్పని నేననడం లేదమ్మా. కానీ ఇది బయటికి వెళ్తే వచ్చే కంపెనీలు కూడా రావు. మన చేత్తో మనమే ముంచినట్టవుతుంది.”

“మునుగుతుందని ముందే చెప్పడానికే కదండీ నేనున్నది.”

“చెప్పండి. కాస్త మెత్తగా చెప్పండి.”

నాలుగు రోజులు ఇద్దరూ బిగుసుకుని కూర్చున్నారు. ఐదో రోజు ఆవిడే దిగొచ్చింది. నివేదిక అసలే ఆగిపోతే ఉన్న కాస్త నిజం కూడా ఎవరి కంటా పడదని తనకు తాను సర్దిచెప్పుకుంది. పద్నాలుగు అన్నచోట ‘ఆరు నుంచి పద్నాలుగు మధ్య’ అయింది. మూతపడతాయన్నది ‘సవాళ్లున్నా నిలదొక్కుకునే అవకాశం ఉంది’ అయింది. కింద సంతకం పెట్టింది.

ఆవిడ తమ్ముడు అలాంటి యూనిట్‌లోనే పదహారేళ్లుగా పనిచేస్తున్నాడు. తలనుంచి కాళ్లదాకా తెల్లసూటు తొడుక్కుని, మైక్రోస్కోపులో వెంట్రుకకన్నా సన్నటి గీతల్లో లోపాలు వెతికే పని. ఒక ఆదివారం అక్క ఇంటికి వచ్చాడు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే ఉద్యోగం ఇస్తామంటున్నారు, చేరనా వద్దా అని అడిగాడు.

“కళ్లు మూసుకుని చేరిపో. మీ యూనిట్ రెండేళ్లు కూడా ఉండదు.”

అతను నవ్వి ఫోన్లో నివేదిక తీశాడు. “నిలదొక్కుకుంటుందని నువ్వే రాశావు కదక్కా. మావాళ్లు ఆ పేజీ గోడకి కూడా అంటించారు.”

“ఆ మాట నాది కాదురా. మార్పించారు.”

“సంతకం నీదేగా?”

ఆవిడ ఫోన్‌ని పక్కకు నెట్టింది.

“చిన్నప్పుడు నేను వానలో తడిస్తే న్యుమోనియా అని ఇల్లు పీకి పందిరేసేదానివి. ఇంట్లో నువ్వు భయంతో మాట్లాడతావక్కా. ఆఫీసులో లెక్క చూసి రాస్తావు. నేను లెక్కనే నమ్ముతా.”

అసలు లెక్క ఉన్న ఫైలు బయటికి తెస్తే ఉద్యోగం ఊడుతుంది. అయినా సోమవారం దాన్ని బ్యాగులో పెట్టుకుని తిన్నగా తమ్ముడి ఇంటికి వెళ్లింది. ఆ పొద్దునే పాలిటెక్నిక్‌కి ఫోన్ చేసి రానని చెప్పేశానన్నాడు. ఫైలు తెరిచి రెండు పేజీలు చదివాడు. మూడోది తిప్పకుండానే మూసి అక్క చేతికిచ్చాడు. మర్నాడు పాలిటెక్నిక్ వాళ్లని అడిగితే ఇంకొకర్ని తీసేసుకున్నామన్నారు.

పద్నాలుగు నెలలకు యూనిట్ మూతపడింది. ఇప్పుడతను ఒక దుకాణంలో పగిలిన ఫోన్ల అద్దాలు మారుస్తున్నాడు. అక్కని ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండునని ఆవిడకుండేది. ఒకరోజు మరదలే అడిగింది.

“వదినా, మీకు ముందే తెలుసా?”

“తెలుసు.”

“ఆయన చెప్పార్లెండి,” అని మరదలు లోపలికెళ్లిపోయింది.

తర్వాతి ఏడు నివేదికలో ఆవిడ ఒక్క అక్షరం మెత్తబరచలేదు. దేశం అప్పటికే తొమ్మిదికి దిగింది. డైరెక్టరు పిలుస్తాడేమోనని వారం చూసింది. పిలవలేదు. నివేదికలు ఇకమీదట బయటి సలహాదారుల చేత రాయిస్తారని, ఈవిడది రికార్డు గదికి పంపారని గుమాస్తా చెప్పాడు. రంగుల అట్టతో అచ్చయిన వాళ్ల పుస్తకంలో దేశం నాలుగో స్థానానికి ఎగబాకుతోంది.

ఆవిడకింకా ఆరేళ్ల సర్వీసుంది. కొత్త ఏడు మొదలవగానే ఎప్పటిలాగే ఫ్యాక్టరీలన్నిటికీ వివరాలడుగుతూ ఉత్తరాలు పంపింది. పదకొండు ఉత్తరాలు తీసుకునేవాళ్లు లేక తిరిగొచ్చాయి.