నిన్న ఏం వండినారని అడిగిన నర్సమ్మ

కడప నుంచి వచ్చిన కార్డులో మూడే మాటలున్నాయి. ‘నర్సమ్మ నిన్న పోయింది.’ కింద రేషను అంగడి శెట్టిగారి సంతకం. కోయిలకుంట్లలో మా ఆఫీసు మెట్ల మీద నిలబడి ఆ కార్డును రెండుసార్లు చదివాను. ఒక మంత్రసాని చావుకబురు ఒక శెట్టిగారు ఒక గుమాస్తాకు ఎందుకు రాయాలో మీకు చెప్పాలంటే, ఆమె మా ఇద్దరినీ ఎట్లా కలిపిందో చెప్పాలి.

ఆమెకు పేరు లేదని కాదు. కడపలో ఆ పేరుతో ఎవరూ పిలిచేవారు కాదు, నర్సు పని చేసేది కాబట్టి అందరికీ నర్సమ్మే. చిన్నతనంలోనే భర్త పోతే కర్నూలు పోయి ఆసుపత్రిలో కాన్పులు చేయడం నేర్చుకుని వచ్చింది. ముప్పై ఏళ్లకు పైగా కడప వీధుల్లో పురుళ్లు పోసింది. తెల్లచీర, భుజానికి గుడ్డసంచి, ఎండైనా వానైనా నల్లగొడుగు. ఏ ఇంటికి పోయినా చెప్పులు బయట విడిచి, పీట వేసినా నేల మీదే కూర్చునేది. బాలింత నాడి పట్టుకునే ముందు ఆమె కళ్లు పొయ్యి దగ్గరికీ పిండికుండ దగ్గరికీ పోయేవి.

యుద్ధం రోజుల్లో నేను కడపలో రేషను పనులు చూసే గుమాస్తాను. వంక పక్కనున్న ఒక పేట అంగడిలో బస్తాలు వారం వారం మిగిలిపోయేవి. తక్కిన పేటల్లో గింజలు చాలక జనం గోల పెడుతున్నారు. నేను కుర్చీలోంచి లేవకుండా ఒక కాగితం రాశాను. ఆ పేటవాళ్లకు ఇంత ధాన్యం అవసరం ఉన్నట్టు లేదు, వాళ్ల వాటా తగ్గించి వేరే పేటకు ఇవ్వవచ్చు అని. రాసినప్పుడు చాలా తెలివైన పని చేశాననే అనుకున్నాను.

ఆ కాగితం మా ఆఫీసరు సంతకం కోసం ఎదురుచూస్తున్న రోజుల్లోనే నర్సమ్మ మా ఆఫీసుకు వచ్చింది. గొడుగు గోడకు ఆనించి, నా బల్ల ముందర నిలబడింది.

“ఏమప్పా, గింజలు మిగిలిపోతాండాయని రాసింది నువ్వేనంట కదా. ఆ పేటలోనే ఒక బాలింత రెండు దినాలుగా ఉడకేసిన చింతచిగురు తినుకోని ఉండాది. రొమ్ములో పాలు లేవు. అంగట్లో గింజలుండాయి, ఇండ్లల్లో ఆకలుండాది. రెండూ ఎట్ల నిజమైతాయి?”

తిట్టడానికి వచ్చిందేమో అనుకున్నాను. ఆమె ముఖంలో కోపం లేదు. ముడి పడిన దారాన్ని ఎక్కడ పట్టి లాగాలా అని చూసే మనిషిలా ఉంది. నాకు తోచిన జవాబు చెప్పాను. వాళ్లు సంగటి తినేవాళ్లు, అంగట్లో బియ్యమే ఎక్కువ, అందుకే కొనరు అని. ఆమె ఒక్క క్షణం ఆలోచించింది.

“అయ్యుండొచ్చు. నాకూ ఒక అనుమానం ఉండాది. నీ మాట నువ్వు పట్టుకో, నా మాట నేను పట్టుకుంటా. పోయి అడుగుదాం.”

అట్లా నేను ఆమె వెంట పది పన్నెండు దినాలు తిరిగాను. ఇంటింటికీ ఆమె అడిగేది ఒకటే ప్రశ్న, నిన్న ఏం వండినారని. ఏం తింటారని ఎందుకు అడగవని దారిలో నేనడిగితే, అట్లా అడిగితే మర్యాద కోసం అబద్ధం చెప్తారని అంది. నిన్నటి సంగతి అడిగితే నిజం నోట్లోంచి జారిపోతుందట. తరువాతి ప్రశ్నలు దాని వెంటే వచ్చేవి. ఆ పిండి యాడ తెచ్చినారు, ఏ పొద్దుకు తెచ్చినారు, ఎవరు పోయి తెచ్చినారు. నేను రాసుకుంటూ పోయాను.

నా ఊహ మొదటి వీధిలోనే కూలిపోయింది. బియ్యం వద్దా అని అడిగితే ఒక ముసలామె నన్ను పైనుంచి కిందికి చూసి, వద్దనేదానికి ఎవరన్నా ఇచ్చినారా అంది. మేము పోయిన ఇళ్లలో చాలావాటిలో నిన్నటి పిండి దారిలో గంప పెట్టుకున్న ఒకామె దగ్గర సోలెడు, అరసోలెడు కొన్నదే. ఆమె అమ్మే ధర అంగడి ధర కంటే ఎక్కువ. ఎక్కువ ధర పెట్టి అక్కడెందుకు కొంటున్నారో మాకు అర్థం కాలేదు.

నర్సమ్మ అనుమానం ఆ పేట అంగడి శెట్టిగారి మీద. గింజలు మిగిలినట్టు చూపించి, వెనక తలుపు నుంచి పక్కదోవ పట్టిస్తున్నాడని ఆమె లోలోపల నమ్మింది. పేటంతా అదే నమ్మేది. కాబట్టి ఒకరోజు అంగడి తెరిచేటప్పటికే ఎదురు అరుగు మీద ఇద్దరం కూర్చున్నాము. ఆమె మజ్జిగ చెంబు, నాలుగు రొట్టెలు తెచ్చింది. పొద్దు నడినెత్తికి వచ్చినా వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే వచ్చారు. ముందు తలుపులోంచి గానీ వెనక తలుపులోంచి గానీ ఒక్క బస్తా కదలలేదు. శెట్టిగారు ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు. బోర్డు మీదున్న వేళకు, సాయంత్రం ఐదింటికి, తలుపేసుకున్నాడు.

మేము లేవబోతుండగా ఆడవాళ్లు రాసాగారు. బండల గనుల్లో పనికి పోయినవాళ్లు. కనుబొమ్మల దాకా తెల్లటి రాతిదుమ్ము. తెల్లవారకముందే పోయి, పొద్దు వాలినంక వచ్చేవాళ్లు. చేతిలో ఆ దినం కూలి. మూసిన అంగడి వైపు ఒక్కరు కూడా తల తిప్పలేదు. నేరుగా గంప దగ్గరికి పోయారు. అంగడిలో వారం వాటా ఒకేసారి కొనాలి, ఏ దినం కూలి ఆ దినమే చేతికొచ్చే మనిషికి అది కుదరదు. కుదిరినా, వాళ్లు వచ్చేసరికి తలుపు తెరిచి ఉండదు. ఆఫీసు వేళ చూసుకుని అంగడికి ఆ వేళ పెట్టింది మేమే.

నర్సమ్మ లేచి, వీధి దాటి, శెట్టిగారి ఇంటి గడప ముందర నిలబడింది.

“శెట్టీ, నువ్వు గింజలు పక్కదోవ పట్టిస్తాండావని ఇన్నాళ్లూ అనుకుంటి. తప్పు నాది. మనసులో పెట్టుకోవద్దు.”

“అందరూ అనుకుంటాండారు నర్సమ్మా. ఎదురుగా వచ్చి చెప్పింది నువ్వొక్కదానివే,” అన్నాడాయన.

ఆ అంగడి వేళ మార్చమంటే ఆఫీసరు మొదట ఒప్పుకోలేదు. ఊరంతటికీ ఒకటే నిబంధన, ఒక వీధి కోసం మార్చలేనన్నాడు. నర్సమ్మ వాదించలేదు. ఒక్క సాయంత్రం వచ్చి చూడమంది. ఆయన వచ్చాడు. గని నుంచి వస్తున్న ఒకామెను ఆపి కార్డుందా అని అడిగితే, ఆమె ఇంట్లోకి పోయి గుడ్డలో చుట్టిపెట్టిన కార్డు తెచ్చి చూపించింది. సరుకు కొన్నట్టు దాని మీద ఒక్క గీత కూడా లేదు. వాడనిది ఎందుకు దాచావని ఆయన అడిగాడు.

“సర్కారు ఇచ్చింది కదా సామీ. ఎప్పటికైనా పనికొస్తాదని పెట్టుకుంటి.”

ఆయన ఆ కార్డును మళ్లీ గుడ్డలో చుట్టి ఆమె చేతికిచ్చాడు. మరుసటి రోజు నా పాత కాగితం నాకే వెనక్కి వచ్చింది. నెల రోజులు ఆ ఒక్క అంగడిని దీపాలు పెట్టేదాకా తెరవాలని, వాటాను ఏ రోజుకారోజు కొంచెం కొంచెంగా కూడా అమ్మవచ్చని కొత్త కాగితం రాశాను. మొదటి వారమే బస్తాలు ఖాళీ అయ్యాయి.

ఆ బాలింత బిడ్డ మాత్రం మా కాగితం వచ్చేదాకా ఆగలేదు. ఆ సంగతి నర్సమ్మే వచ్చి చెప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఇంకొంచెం ముందు అడిగింటే బాగుండు, అంది. ‘మనం’ అనే మాట ఆమె పలకలేదు గానీ, నాకు వినిపించింది. అప్పటి నుంచి నేను చూడని వీధి గురించి కాగితం రాయలేదు.

నెల గడిచినాక ఆఫీసరు ఉత్సాహపడి, ఊళ్లోని అంగళ్లన్నీ సాయంత్రమే తెరవాలని ఉత్తర్వు వేయబోయాడు. మెచ్చుకుంటుందనుకుని నర్సమ్మకు చెప్పాను. ఆమె గొడుగు తీసుకుని లేచింది. గోషా పాటించే ఇళ్లు ఎక్కువున్న ఒక వీధికి నన్ను వెంటబెట్టుకుని పోయింది. నేను వీధి మొగలో నిలబడ్డాను, ఆమె ఇళ్లలోకి పోయి అదే ప్రశ్న అడిగి వచ్చింది. మగదిక్కులేని ఇళ్ల ఆడవాళ్లు, వీధిలో మనుషులు తిరగకముందు, తెల్లవారుజామున అయితే అంగడికి పోగలమన్నారట. సాయంత్రం అంగడి వాళ్లకు మూసిన అంగడే.

“ప్రతి వీధికీ దాని పొద్దు దానికుంటాదప్పా,” అంది తిరిగి వస్తూ. ఒక చోటి గెలుపు ఇంకో చోట పనికిరాదని తేల్చుకున్న మనిషి ముఖంలో అంత సంతోషం ఉంటుందని నేననుకోలేదు. ఆ వీధి అంగడికి తెల్లవారుజాము వేళ పెట్టించాము.

తరువాత నాకు కోయిలకుంట్లకు బదిలీ అయింది. ఈ ఎండాకాలం మొదట్లో పని మీద కడపకు పోయినప్పుడు ఆమెను చూశాను. కాళ్లు వాచి మంచం పట్టింది. మంచం కిటికీ పక్కన వేసుకుంది. నా క్షేమం అడిగిందో లేదో, కిటికీలోంచి చెయ్యి చూపింది. వీధి నడుమ మండే ఎండలో ఒకామె కర్బూజా పండ్ల గంప పెట్టుకుని, నెత్తిన కొంగు కప్పుకుని కూర్చుని ఉంది.

“మూడు దినాలుగా చూస్తాండా. పక్కనే గోడ నీడ ఉండాది. ఎండలో ఎందుకు కూర్చుంటాదో తెల్దు. నీడలో ఉంటే కొనేవాళ్లకు కనపడదనేమో. కాదేమో. పోయి అడిగి రా అప్పా.”

పోయి ఒక పండు కొని అడిగాను. ఆమె మాట్లాడకుండా గోడ వైపు తల తిప్పింది. కిటికీకి కనపడని మూలలో, రెండు మేకుల నడుమ చీర ఉయ్యాల. ఆ గోడకున్న నీడ ఆ ఉయ్యాలకే సరిపోయింది.

చెబుదామని గబగబా వెనక్కి వచ్చాను. నర్సమ్మ కిటికీ వైపే తిరిగి నిద్రపోయింది. లేపడానికి మనసొప్పలేదు. పండు ఆమె తల దగ్గర పెట్టి, బండి వేళవుతుంటే బయటికి వచ్చాను. వీధిలో పండ్లామె ఎండలోనే కూర్చుని, ఒక చేత్తో గంప మీది ఈగలు తోలుతూ, రెండో చేత్తో పొడుగాటి తాడు పట్టుకుని, నీడలోని ఉయ్యాలను మెల్లగా ఊపుతోంది.