ఆర్డిత్ పడ్డ పూచీ

టాల్‌బ్రూక్ కంపెనీలో ఉద్యోగం మానేసేవాళ్ళు ఆఖరి రోజున డజను డోనట్లు తెచ్చి కాఫీ గదిలో పెట్టిపోతారు. ఆ ఆచారం ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. ఆర్డిత్ బ్రూబాకర్ అక్కడ పనిచేసిన ఇరవయ్యారేళ్ళలో, ఏడాదికి నాలుగైదు డబ్బాలు కనిపిస్తే గొప్ప. అలాంటిది ఈ ఫిబ్రవరిలో డోనట్ల కొట్టు పిల్ల, "మీ పాత కంపెనీవాళ్ళకి నెలకి పది డబ్బాలు కట్టిస్తున్నానండీ, ఏమైనా పండగలా?" అని అడిగింది.

పండగట, పండగ! అక్కడ కొంప మునుగుతుంటే!

ఆర్డిత్‌కు డెబ్బై రెండేళ్ళు. కంపెనీ ఉన్న వాటర్లూ ఊళ్ళోనే పుట్టి, అక్కడే ముసలిదైన మనిషి. టాల్‌బ్రూక్‌వాళ్ళు గిడ్డంగుల్లో సరుకు లెక్కపెట్టే చేతి యంత్రాలు చేస్తారు. అక్కడ పరీక్ష గదికి ఈమే పెద్దగా ఉండేది. యంత్రాన్ని నడుమెత్తు నుంచి సిమెంటు నేల మీద పడేసి, రాత్రంతా మంచుపెట్టెలో పడుకోబెట్టి, అప్పటికీ పనిచేస్తేనే సంతకం పెట్టేది. అమ్మకాలవాళ్ళు కాళ్ళావేళ్ళా పడ్డా సరే, అంతకుముందు పెట్టేది కాదు.

ఆ రోజుల్లో జీతంలో కొంత పట్టుకుని కంపెనీ వాటాలిచ్చేవారు. రిటైరైన పాతవాళ్ళకు వెనకేసుకున్నదంటూ ఉంటే అదే. ఐదేళ్ళ కిందట కోలిన్ ఫెరబీ కంపెనీకి పెద్దయినప్పుడు, అమ్ముకుందామా ఉంచుకుందామా అని వాళ్ళు తర్జనభర్జన పడ్డారు. ఆర్డిత్ ఊరుకుందా? "అమ్మకండి. వాడికి పని నేర్పింది నేను. వాడి మాటకి నాదీ పూచీ," అంది. పదకొండుమంది ఆగిపోయారు.

తర్వాత కోలిన్ కొత్త యంత్రం వేసవికి వస్తుందన్నాడు. రాలేదు. చలికాలానికన్నాడు. అదీ లేదు. వాటా ధర సగానికి పడింది. ఆ పదకొండుమందిలో ఒకడు, కంపెనీ గిడ్డంగిలో పనిచేసిన మెల్విన్ షాంట్జ్, మంచు మీద రాళ్ళు జార్చే ఆట ఆడుకునే కర్లింగ్ క్లబ్బులో ఆమెను చూసి మొహం తిప్పుకోవడం మొదలుపెట్టాడు. డబ్బు పోయినందుకు కాదు గానీ, ఆ మొహం తిప్పుకోవడానికే ఆర్డిత్‌కు ముద్ద దిగలేదు.

డోనట్ల మాట విన్న రోజే ఆమె పరీక్ష గదివాళ్ళకు వరసగా ఫోన్లు చేసింది. ఆరుగురిలో ఒక్కరూ అక్కడ లేరు. ఆఖరివాడు ఆ వారమే మానేశాడు. మార్చిలో వాటాదారులకు కోలిన్ ఉత్తరం వచ్చింది: "మన సిబ్బంది బలం చెక్కుచెదరలేదు."

ఉత్తరంతో పాటే ఓటు కార్డు కూడా వచ్చింది. బోర్డులో కోలిన్ ఉండాలా వద్దా అని ఏటా వచ్చే కార్డే. పాతవాళ్ళందరూ దాని మీద సంతకం పెట్టి, గళ్ళు ఖాళీగా వదిలి పంపేస్తారు. ఎవరినైనా మొహాన వద్దనడం ఆ ఊళ్ళో మర్యాద కాదు మరి. ఖాళీగా వదిలితే తగువులో లేనట్టేనని వాళ్ళ నమ్మకం. ఈసారీ అందరూ పంపేశాక, ఎందుకో అనుమానమొచ్చి ఆర్డిత్ కార్డు మీదున్న నంబరుకు ఫోన్ చేసింది.

"గళ్ళు నింపకపోతే ఏమవుతుందమ్మా?"

"యాజమాన్యం అడిగినట్టే వేసినట్టండీ. అంటే ఫెరబీ గారికే."

"నా మొహం మండ! ఇన్నేళ్ళూనా?"

"ఇన్నేళ్ళూనండీ. వాటాదారుల సభకి మీరే వచ్చి ఓటేస్తే మాత్రం ఆ కార్డు చెల్లదు."

ఆర్డిత్ తిన్నగా కర్లింగ్ క్లబ్బుకు పోయి మెల్విన్ ఎదుట నిలబడి సంగతి చెప్పింది. "మంగళవారం పదింటికి సభ. అందర్నీ వెంటబెట్టుకుని రా."

"మళ్ళీ నీ మాట వినాలా? ఒకసారి విన్నాం, సుఖపడ్డాం."

"తిట్టు. తిట్టి మరీ రా."

"మన ఓట్లెంత? సముద్రంలో కాకిరెట్ట."

"కాకిరెట్టే. అయినా వెయ్యాల్సిందే."

మెల్విన్ నవ్వలేదు. మొహం తిప్పుకుని ఆటలోకి వెళ్ళిపోయాడు.

మంగళవారం హోటల్ హాలులో, ఆఖరి వరసలో పదకొండుమందీ కోట్లు విప్పకుండా బిగుసుకుని కూర్చున్నారు. కోలిన్ వేదిక మీంచి ఆర్డిత్‌ను చూసి గుండె మీద చెయ్యి పెట్టుకుని నవ్వాడు. అరగంట మాట్లాడాడు. ప్రశ్నల వేళకు ఆర్డిత్ మైకు దగ్గరికి నడిచింది. "రెండు నిమిషాలండీ," అన్నాడు కంపెనీ లాయరు.

"కోలిన్, పరీక్ష గదికి ఇప్పుడు పెద్ద ఎవరు?"

"మన నాణ్యతా విభాగం చాలా బలంగా ఉంది, ఆర్డిత్ గారూ."

"బలం సంగతి కాదు నాయనా. పేరు చెప్పు."

కోలిన్ లాయరు వైపు చూశాడు. లాయరు కాగితాలు తిరగేశాడు. "ఆ వివరం రాసి పంపిస్తాం," అన్నాడు కోలిన్.

"అక్కర్లేదు, నేనే చెప్తా. ఎవరూ లేరు. ఫిబ్రవరి నుంచి ఆ గదిలో మనిషన్నవాడు లేడు. నువ్వు చెక్కుచెదరలేదని రాసింది మార్చిలో."

ఇంకో ప్రశ్న రాసుకొచ్చింది ఆర్డిత్. అది అడగలేదు. వేదికకు వీపు పెట్టి, ఆఖరి వరస వైపు తిరిగింది.

"ఈ మనిషికి నేను మీ దగ్గర పూచీ పడ్డాను. తప్పు చేశాను. నన్ను నమ్మి మీరు దెబ్బతిన్నారు. క్షమించండి."

మళ్ళీ కోలిన్ వైపు తిరిగింది. "చూశావుగా, ఎంతసేపు పట్టింది? ఇప్పుడు నువ్వు అను."

కోలిన్ నోరు తెరిచాడు. లాయరు అతని మోచెయ్యి పట్టుకున్నాడు. "సమయం అయిపోయిందండీ," అన్నాడు లాయరే.

కోలిన్ ఆ రోజు కుర్చీ నిలబెట్టుకున్నాడు, అది వేరే సంగతి. నూటికి తొంభై ఆరు ఓట్లు వచ్చే మనిషికి యాభై నాలుగొచ్చాయి. అదంతా సాయంత్రం తేలిన లెక్క. అప్పటికైతే ఆర్డిత్ వెనక్కి నడిచి, దొరికిన కుర్చీలో కూర్చుంది. ఎవరో పక్కకు వచ్చి నిలబడ్డారు. తలెత్తి చూస్తే మెల్విన్.

"ఏడాదిగా ఆ మాట కోసమే చూస్తున్నాం," అన్నాడు. "వాడు అంటాడేమో అనుకున్నాం. పోనీలే, మనవాళ్ళలో ఒకరన్నారు. లే, ఓటు ఎక్కడ వెయ్యాలో చూపించు."