వద్దని రాయడం నేర్పిన మేడం

మొన్న బుధవారం పొద్దున మా యూనివర్సిటీ పాత రిజిస్ట్రార్ మేడం నల్లగొండ దవాఖానలో కన్నుమూశారు. సంతాప సభలో అందరూ ఆమెను సౌమ్యురాలన్నారు. అబద్ధం. సౌమ్యురాలైతే గడువు తీరకముందే ఆమెను కుర్చీలోంచి ఎందుకు లేపారు? ఫోన్లో వచ్చిన ప్రతి ఆదేశాన్నీ, ఎవరు చెప్పారో, ఎన్ని గంటలకు చెప్పారో ఫైల్లో రాసిపెట్టేవారు. అదీ ఆమె నేరం.

ఇప్పుడు వైస్ చాన్సలర్లు కాబోయేవాళ్లకు శిక్షణలున్నాయి. చల్లటి హాళ్లలో ర్యాంకుల గురించి, దార్శనికత గురించి చెబుతారు. పైనుంచి ఫోను వస్తే ఏం చేయాలో మాత్రం చెప్పరు. తెలంగాణ వచ్చిన కొత్తలో, ఆ ఒక్కటీ నేర్పడానికే మేడం కట్టంగూరులోని తన ఇంటి వరండాలో ఆదివారాలు మమ్మల్ని కూర్చోబెట్టేవారు. డీన్లం, ప్రిన్సిపాళ్లం, నలుగురైదుగురం. అందరికీ ఆ పెద్ద కుర్చీ మీద ఆశే. సర్వపిండి పెట్టి, తానే తయారుచేసిన ఉత్తుత్తి ఫైలు ఒకటి మా ముందు పడేసేవారు. పక్క గదిలోకి పోయి, మంత్రి పేషీ నుంచి మాట్లాడినట్టు ఫోను చేసేవారు.

"ఏం సారూ, గా ఫైలుకు గింత సేపా? జర జల్ది కానియ్యుండ్రి. పెద్దాయన మీ పేరే యాది జేస్తుండు."

నవ్వొచ్చేది. పెన్ను మాత్రం ముందుకు సాగేది కాదు. మొదటిసారి నేను ఫైలు మీద "చర్చించండి" అని రాశాను. ఆఫీసుల్లో అందరూ రాసేదే. ఔననీ కాదు, కాదనీ కాదు.

మేడం కళ్లద్దాలు ఎత్తి చదివారు. "ఎవలతోని చర్చిస్తవయ్యా? నీ కుర్చీతోనా?" మిగతావాళ్లు పగలబడి నవ్వారు. "వద్దనుకుంటే వద్దని రాయి. ఎందుకు వద్దో కింద రాయి. నువ్వు సప్పుడు జెయ్యకుంటే వాళ్లు ఔననే సదువుకుంటరు."

ఆ మాటను ఏళ్ల తరబడి వేదికల మీద చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఈ వానాకాలం అసలు ఫైలే నా బల్ల మీదికి వచ్చింది. నేనిప్పుడు ఇన్‌చార్జి రిజిస్ట్రార్ని. ఆడపిల్లల కొత్త హాస్టల్‌కని ఉంచిన జాగాను ఒక ప్రైవేటు సంస్థకు లీజుకివ్వాలట. పిల్లలు ఇరుకు గదుల్లో ఒకరి కాళ్ల దగ్గర ఒకరు తలపెట్టి పడుకుంటున్నారు. అదే వారం ఫోను వచ్చింది. వైస్ చాన్సలర్ పదవికి పంపే జాబితాలో నా పేరుందని ఒక గొంతు ఎంతో మర్యాదగా చెప్పింది.

నేను "చర్చించండి" అని రాశాను.

దవాఖానలో ఉన్న మేడంను చూడబోతే, ముక్కుకు గొట్టంతోనే అడిగారు. "హాస్టల్ జాగా ఫైలొచ్చిందట గదా. ఏం రాసినవ్?"

చెప్పాను. కళ్లద్దాలు తీసి దిండు పక్కన పెట్టారు.

"నేనే సరిగ నేర్పలే," అన్నారు. తిట్టినా బాగుండేది.

అంత్యక్రియల నుంచి నేరుగా ఆఫీసుకు పోయి ఆ ఫైలు తెమ్మన్నాను. "పైకి వోయింది సార్," అన్నాడు సెక్షన్ ఆఫీసర్. "మీరు అభ్యంతరం పెట్టలేదని రాసుకొని తీస్కవోయిండ్రు." తెల్లకాగితం తీసుకుని, ఆ జాగా ఇవ్వడానికి వీల్లేదని, కారణాలతో సహా రాసి సంతకం పెట్టాను. ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

"ఇది ఏ ఫైల్ల పెట్టాలె సార్?"

పెట్టాల్సిన ఫైలు ఇక మా ఆఫీసులో లేదు. అందుకే ఆ కాగితాన్ని ఇక్కడ, చదువుతున్న మీ ముందు పెడుతున్నాను.

నా కిటికీలోంచి ఆ జాగా కనిపిస్తుంది. కొత్తగా హద్దురాళ్లు పాతారు. వాటి మీది ఎర్ర అంకెలు ఇంకా ఆరలేదు. క్లాసులకు పోయే ఆడపిల్లలు రంగు అంటకుండా చున్నీలు దగ్గరికి లాక్కుని, రాళ్ల మధ్య నుంచి ఒకరి వెనుక ఒకరు నడుస్తున్నారు.