బ్రేకులమ్మ గీతలు

మా పిన్నిని వీధిలో అందరూ బ్రేకులమ్మ అంటారు. ఆ పేరు పెట్టినవాడెవడో నాకింకా దొరకలేదు. దొరికితే వాడి చొక్కాకి చేతులు తలకిందులుగా కుట్టి ఇస్తాను. పిన్నికి మాత్రం కోపం లేదు. నడుస్తూ నడుస్తూ కాళ్లు నేలకి అతుక్కుపోయినప్పుడు, వెనక వచ్చేవాళ్లతో తనే "బ్రేకులు పడ్డాయి, కాస్త పక్కనుంచి వెళ్లండి బాబూ" అంటుంది. ఆమెకి రావలసిన కోపం కూడా నాకే వస్తుంది, ఏం చేస్తాం.

జబ్బు పేరు పార్కిన్సన్స్. చెయ్యి వణుకుతుందని లోకమంతా చూస్తుంది. ఊరికే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పుడే అది ఎక్కువగా వణుకుతుందని, కత్తెర పట్టి గుడ్డమీద ఆనిస్తే చాలామటుకు సద్దుమణుగుతుందని ఎవరూ చూడరు. మేడమెట్లు చకచకా ఎక్కేస్తుంది. చదును నేలమీద, అందులోనూ గుమ్మం దగ్గర, ఇరుక్కుపోతుంది. మెట్టు ఎదురుగా కనిపిస్తే కాలికి దారి తెలుస్తుంది, బోసి నేల చూస్తే తెలియదు. అంతే విషయం. "మెట్లెక్కే మనిషికి గుమ్మం కష్టమా? అంతా నటన" అని మా బంధువులే అన్నారు. వాళ్ల తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆసుపత్రిలో వ్యాయామాలు నేర్పే అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది. దాటడానికి నేలమీద అడ్డగీతలుంటే కాలు కదులుతుందట. పిన్ని ఆ పూటే కొలతల టేపు తీసి, గుడ్డకి కొలత తీసినట్టు తన అడుగుకి కొలత తీసింది. మంచం నుంచి స్నానాలగదికి, అక్కడినుంచి వంటింటికి, వంటింట్లోంచి ముందుగదిలో ఉన్న కుట్టుషాపుకి, దారంతా నీలం రంగు గమ్ టేపు ముక్కలు అడ్డంగా అంటించింది. ఆ గీతలమీద ఆవిడ నడుస్తుంటే చూడాలి. ఆవిడ బట్ట కత్తిరిస్తుంది, నేను కుడతాను. స్కూలు యూనిఫారాలు, కర్టెన్లు, హోటలు వాళ్ల చొక్కాలు. మా షాపులో మాట తప్పిన రోజు లేదు.

ఇదంతా మానేసి రెస్టు తీసుకోవాలని మా మామయ్య, అంటే పిన్నికి అన్నయ్య, పట్టుబట్టాడు. షాపు మూసేసి తనింటికి వచ్చెయ్యాలట. గది సిద్ధంగా ఉంది, టీవీ ఉంది, చూసుకోడానికి మనిషిని పెడతాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని టీవీ చూడాలి, చేతులు వణకాలి, అది చూసి వీళ్లు జాలిపడాలి. రెస్టు అనే మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది.

చివరికి పిన్ని ఒక ఒప్పందానికి వచ్చింది. "ఒక్కరోజు ఉండి చూడు అన్నయ్యా. నా పని నేను చేసుకోలేకపోతే నీతో వచ్చేస్తాను. చేసుకోగలిగితే ఈ మాట మళ్లీ ఎత్తకు" అంది. మామయ్య సరేనని అత్తయ్యతో పాటు ముందురోజు సాయంత్రమే దిగాడు.

మర్నాడు నేను వెళ్లేసరికి ఇల్లు అద్దంలా మెరుస్తోంది. అత్తయ్య తెల్లారే లేచి, వేడినీళ్లు, బ్లేడు పెట్టుకుని, షాపు వైపునుంచి మొదలుపెట్టి, పిన్ని స్నానానికి వెళ్లగానే మంచం దగ్గరివి కూడా, గీతలన్నీ గీకేసింది. ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు.

"ఏం చేశావత్తయ్యా?" అన్నాను.

"మీ కొలతల గీతలు ఇల్లంతా అంటిస్తే ఎలాగమ్మా? షాపువరకు సరే, మంచం దాకానా? ఎవరైనా వస్తే ఏమనుకుంటారు" అంది. పాపం, గుడ్డలు కొలుచుకునే గీతలనుకుంది. అవేమిటని అడిగితే ఆవిడ నోటి ముత్యాలు రాలిపోతాయా? నాకు ఏడుపు, తిట్లు ఒకేసారి వచ్చాయి.

నేను నోరు తెరిచేలోపే స్నానాలగది తలుపు తెరుచుకుంది. పిన్ని గుమ్మంలోకి వచ్చి నేల చూసింది. ఆగిపోయింది. పాదాలు అక్కడే పాతేసినట్టున్నాయి, మడమలు మాత్రం సన్నగా అదురుతున్నాయి.

"రా అమ్మా, నేనున్నాగా" అంటూ మామయ్య ఒక్క అంగలో వెళ్లి చెయ్యి పట్టుకుని లాగాడు.

"లాగకు మామయ్యా" అని అరిచాను. అప్పటికే మనిషి ముందుకి వచ్చింది, కాళ్లు రాలేదు. పిన్ని బోర్లా పడింది. మోచెయ్యి దోక్కుపోయింది.

"చూశారా? నేను చెప్తే విన్నారా?" అన్నాడు మామయ్య. భయం వేసిందని తెలుస్తూనే ఉంది. అయినా నాకు జాలి కలగలేదు. "ఇంక మాటల్లేవు. దీని బట్టలు సర్దు" అన్నాడు నాతో.

నేలమీద నుంచే పిన్ని అంది. "నేను పడలేదు అన్నయ్యా. నువ్వు పడేశావు."

మామయ్య మళ్లీ చెయ్యి చాచాడు. "వద్దు" అంది పిన్ని. పక్కకి ఒత్తిగిలి, మోకాళ్లమీదికి వచ్చి, కుర్చీ పట్టుకుని తనే లేచింది. రోజూ సాధన చేసే పనే అది. లేచింది గానీ, ఎదురుగా మళ్లీ అదే బోసి నేల.

నేను టేపు కోసం పరిగెత్తబోయాను. పిన్ని నన్ను ఆపింది. అన్నయ్య వైపే చూస్తోంది.

"నీ కాలు నా కాలి ముందు అడ్డంగా పెట్టు."

"తట్టుకుని పడతావే."

"పడను. పెట్టు."

పెద్ద ఆఫీసరుగా రిటైరైన మనిషి, ఎవరి మాటా విని ఎరగనివాడు, బెదురుతూ పాదం అడ్డం పెట్టాడు. పిన్ని ఆ పాదం చూసింది, దాని మీదుగా ఠక్కున అడుగు వేసింది. మామయ్య నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఇంకోటి" అంది పిన్ని.

మామయ్య పక్కకి జరిగి మళ్లీ పెట్టాడు. ఆవిడ దాటింది. అలాగే వంటిల్లు దాటారు, నడవా దాటారు. ఆయన పక్కవాటుగా నడుస్తూ అడుగడుక్కీ కాలు చాపుతున్నాడు, చెమటలు కారుతున్నాయి. ఈ జబ్బు వచ్చి ఇన్నేళ్లయింది. ఎన్ని సలహాలిచ్చాడు, ఎంతమంది డాక్టర్ల ఫోన్ నంబర్లు పంపాడు, నీకెలా ఉంటుందని మాత్రం ఒక్కనాడు అడిగాడా? షాపు గుమ్మం దాకా నేను పళ్లు కొరుకుతూ వాళ్ల వెనకే నడిచాను.

గుమ్మం దగ్గర ఆయన ఆగాడు. పాదం ముందుకి పెట్టి, వెనక్కి లాక్కుని, తలెత్తి చెల్లెలి మొహంలోకి చూశాడు.

"ఇక్కడ పెట్టనా? నీకు దూరమవుతుందా?"

"కొంచెం దగ్గరగా పెట్టు" అంది పిన్ని. "నా అడుగు చిన్నది."