దోమతెర కింద పువ్వు

మడకం బిజ్జా మొదటి విజయం ఒక స్టీలు బిందె. మూడేళ్లు పోటీపడి, కిష్టారంలో అందరికంటే ఎక్కువ ఇప్పపువ్వు తెచ్చి, ఆ పువ్వు కొనే సంఘంవాళ్ల చేతుల మీదుగా అందుకున్నాడు. చెట్టు కింద ఆకులకు నిప్పు పెట్టి, రాలిన పువ్వును బూడిదతో, గులకరాళ్లతో సహా ఊడ్చి తూకానికి తేవడంలో అతన్ని మించినవాడు లేడు. ఈ ఏడు సంఘం పద్ధతి మార్చింది. బహుమతి ఇక బరువుకు కాదు, మట్టి తగలని పువ్వుకు అంది. మర్నాటి నుంచే బిజ్జా ఆకులు కాల్చేవాళ్లను చూసి తల అడ్డంగా ఊపసాగాడు. ఇంట్లో ఉన్న ఒక్క దోమతెరనూ చెట్టు కింద నాలుగు గుంజలకు కట్టి, అందులో రాలిన పువ్వులను రెండు వేళ్లతో ఒక్కొక్కటే ఎత్తి, ఊది, బుట్టలో వేస్తున్నాడు.

"పువ్వుకేమో తెర, నాకేమో దోమలా? నిరుడు మలేరియాతో పదిదినాలు లేవలే, యాదిలేదా? ఏందయ్యా నీ బహుమతి?" అంది భార్య సోమి.

"జర ఓర్చుకో సోమీ. మనల్ని చూసి ఊరంతా తెరలు కడ్తది."

ఆ బహుమతీ అతనికే వచ్చింది. చింతలనార్ ఊరివాళ్లకు నేర్పి రమ్మని సంఘం పంపితే, చూపించడానికి తెరను మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లాడు. సోమి గోడ మీది క్యాలెండరులో బొగ్గుతో సున్న చుట్టింది. తెర ఇల్లు చేరేది ఏప్రిల్ పద్దెనిమిదిన. బిజ్జా కూడా ఆ రోజే వస్తాడు.