నేను సున్నా వేసిన పాట

ఆరేండ్లుగా ఒక సున్నాను మోస్తున్న. ఇంట్లో చెప్పలేదు, దుకాణంలో చెప్పలేదు. సున్నాకు బరువేముంటది అని మీరు అనొచ్చు. నేనూ అట్లనే అనుకొని వేసిన.

నేనెవరో మీకు తెలువదు, అదే మంచిది. పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణంలో స్టాకు చూస్త. పదో తరగతి దాటలేదు. లెక్క మాత్రం నాకు నేనే నేర్చుకున్న. బట్ట చుట్టను చూసి ఇంకెన్ని మీటర్లు మిగిలిందో చెప్త, అర మీటరు తేడా రాదు.

మా దిక్కు నడిచే ఈ చిన్న వారపత్రికలో సినిమాల గురించి రాసేవాణ్ణి. నటన బాగుంది, కెమెరా బాగుంది అని రాసుడు నాకు రాదు. హాల్లో కూసోని లెక్కపెడ్త. పాట మొదలైతే ఎంతమంది లేచి బయటికి పోయిన్రు, కామెడీ సీనుకు ఎన్నిసార్లు నవ్విన్రు, ఎన్ని ఫోన్లు వెలిగినయి. అంతే రాస్త. జనం నమ్మిన్రు. లెక్క అబద్ధం చెప్పదనుకున్నరు. నేను గూడ అదే అనుకున్న.

నా దోస్తు ఒకాయన ధూల్‌పేటలో గణపతులు చేస్తడు. నర్సింగ్ అందాం, అసలు పేరు అది కాదు. వాళ్ళమ్మ గుడిమల్కాపూర్ మార్కెట్లో పూలు అమ్మి ఇల్లు నడిపింది. ఆమె మీద పాటల నాటకం రాసిండు. రెండు గంటలు, పద్నాలుగు పాటలు. పదకొండుసార్లు ఆడినం. ఆడినం అంటున్న గాని నేను వేషం వెయ్యలేదు. తెర పక్కన నిలబడి వేళ్ళు చూపెట్టేవాణ్ణి. ఇంకా నాలుగు తాళం దెబ్బలు, మూడు, రెండు, ఒకటి, పో. నా వేళ్ళు చూసే తల్లి వేషం వేసినామె స్టేజీ మీదికి అడుగు పెట్టేది.

చివర్ల ఆమెకొక పాట ఉంది. పొద్దెక్కినంక అమ్ముడుపోని బంతిపూలను ఊడ్చి కుప్ప చేసుకుంట, ఏడ్వకండి అని పిల్లలకు చెప్పినట్టు వాటికి చెప్తది. పాట అయిపోంగనే జనం వన్స్‌మోర్ అని అరిచేవాళ్ళు. ఆమె మళ్ళ పాడేది. పదకొండు ఆటల్లో ఆ ఒక్క పాటకే ఇరవై తొమ్మిది వన్స్‌మోర్‌లు. నా నోటుబుక్కులో ఇప్పటికీ ఉన్నయి.

తర్వాత ఒక నిర్మాత చూసి, దాన్నే సినిమా తియ్యమన్నడు. డైరెక్టరు నర్సింగే. తల్లి వేషానికి స్టేజీ మీద వేసినామెనే పెట్టిండు. నన్ను పిలవలేదు. సినిమాలో వేళ్ళు చూపెట్టే మనిషితో పనేముంది? మిషను లెక్కపెడ్తది. న్యాయమే గద. మరి నాకెందుకు అంత మండింది? అడిగితే పోయేది. అడగలేదు. టైటిళ్ళలో నా పేరు వెతికిన, రెండుసార్లు. అంటే సినిమా రెండుసార్లు చూసిన. నా తప్పు ఇక్కడనే మొదలైతది, అందుకే మెల్లగ చెప్తున్న.

మొదటి ఆట శుక్రవారం పొద్దున. హాలు నిండింది. ఆ పాట వచ్చింది. ఆ పాట పాడేటప్పుడు ఆమె ముఖం నేను చూసింది అప్పుడే. తెర పక్క నుంచి నాకు పదకొండుసార్లూ ఆమె వీపే కనబడింది. పాట అయింది. ఎవరో వన్స్‌మోర్ అన్నరు. ఇంకో ఇద్దరు అందుకున్నరు. ఆ తర్వాత బాల్కనీ అంతా కలిసి అరిచింది. నా ముందు వరుసలో ఒకాయన వెనక్కి తిరిగి, ‘ఆపరేటర్ కో బోలో భాయ్’, మళ్ళ వెయ్యమని ఆపరేటర్‌కు చెప్పుండ్రి అని నవ్విండు, నవ్వుకుంటనే కండ్లు తుడుచుకున్నడు. సినిమా ఆగదు గద. తర్వాతి సీను మాటలు ఆ లొల్లిలో ఎవరికీ వినపడలేదు. బాల్కనీ అరుపును ఒకటిగ పట్టి, నాలుగు అని రాసుకున్న.

రెండోసారి సోమవారం మ్యాట్నీ. వాన. హాల్లో నన్ను కలిపి ముప్పై ఒక్కమంది. పాట అయింది, ఎవరూ ఏమనలేదు. తడిసొచ్చి ఏసీలో వణికేటోళ్ళు ఏమంటరు? సున్నా అని రాసుకున్న.

పత్రికకు ఒక్క ఆట లెక్కే పంపిన. ఏదో మీకు అర్థమైంది. ‘స్టేజీ మీద ఇరవై తొమ్మిది, తెర మీద సున్నా.’ ప్రతి అంకె నిజమే అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్ననో. నిజమైన అంకెతో ఇంత పెద్ద అబద్ధం చెప్పొచ్చని నాకు ఏ సారూ నేర్పలేదు. అది గూడ సొంతంగనే నేర్చుకున్న.

ఇగ మిగిలినోళ్ళు. పెద్ద పేపర్లోళ్ళు, యూట్యూబులో నల్లద్దాలు పెట్టుకొని కూసునేటోళ్ళు, అందరూ నా సున్నానే ఎత్తుకున్నరు. రంగస్థలం మీది ప్రాణం తెర మీద ఆవిరైందని ఒకాయన రాసిండు. నాటకం చూసిన మొఖమేనా? పదకొండు ఆటలూ బస్తీ కమ్యూనిటీ హాళ్ళలోనే ఆడినం, ఆయనొస్తే నా లెక్కలోకి రాకపోవునా? ఇంకొకాయన రెండున్నర స్టార్లు ఇచ్చిండు, ఆ అర ఎందుకో చెప్పలేదు. ఒక్కరన్నా నాకు ఫోన్ చేసి ఏ రోజు, ఏ ఆట, హాల్లో ఎంతమంది అని అడిగిండా? అడిగుంటే చెప్పేసేవాణ్ణి. చెప్పేవాణ్ణా? ఏమో. వాళ్ళను తిట్టుకున్నంతసేపు నన్ను నేను తిట్టుకునే పని తప్పింది, అది మాత్రం ఖాయం.

మూడో శుక్రవారానికి సినిమా తీసేసిన్రు. నేను ధూల్‌పేట షెడ్డుకు పోయిన. నర్సింగ్ గణపతి తొండానికి రంగు వేస్తున్నడు. తల తిప్పకుండనే, నా లెక్కల పిచ్చికి తను పెట్టిన పేరుతో పిలిచి అడిగిండు.

‘హిసాబ్ భాయ్, ఒకటడుగుత, నిజం చెప్తవా?’

‘అడుగు.’

‘మొదటి ఆటకు నిర్మాత నన్ను వేరే టాకీసుకు తోలుకపోయిండు. ఆడ సౌండు ఖరాబు, పాటంతా గురగురనే. మన దిక్కు హాల్ల నువ్వున్నవ్ గద. అమ్మ పాటకు ఒక్కడు గూడ అనలేదా?’

కుంచె ఆగింది. చెప్పొచ్చు. నాలుగు అనే ఒక్క మాట.

‘అనలే,’ అన్న.

‘ఒక్కడు గూడ?’

‘లెక్క రాసిన గద నర్సింగ్.’

‘అవు. నువ్వు రాసినవంటే అంతే ఉంటది. దోస్తులందరు మస్తుంది మస్తుంది అన్నరు. నువ్వొక్కనివే సాఫ్ చెప్పినవ్.’

ఫ్లాస్కులోంచి చాయ్ పోసిచ్చిండు. తాగిన.

మొన్న ఫోన్ చేసిండు. నాటకం మళ్ళ ఆడుతున్నడట, వచ్చే ఆదివారం. తెర పక్కన నువ్వే నిలబడాలె అన్నడు. పరుగెత్తుకుంట పోయిన. పాటల చీటీ చేతికిచ్చిండు. పదమూడే ఉన్నయి. మళ్ళ లెక్కపెట్టిన. పదమూడే.

‘అమ్మ పాట తీసేసిన భాయ్,’ అన్నడు. ‘సినిమాల ఎవ్వరికీ పట్టలే గద. అప్పుడు స్టేజీ కాడ అడిగినోళ్ళంతా అమ్మను ఎరిగినోళ్ళు. మొహమాటానికి అన్నట్టున్నరు.’

నా సున్నా సినిమాతోనే ఆగలేదు. వెనక్కి పోయి ఆ ఇరవై తొమ్మిదింటిని గూడ తుడిచింది. ఆ అరుపులు నేను విన్న. అందులో మొహమాటం ఎక్కడిది? అయినా చీటీ మడిచి జేబులో పెట్టుకొని వచ్చిన. గింత పిరికోణ్ణి ఆరేండ్లు నమ్మినందుకు నర్సింగ్ మీద గూడ చిరాకేసింది, సిగ్గులేకుండ.

అందుకే రాస్తున్న. ఈ పత్రిక శనివారం వస్తది. నర్సింగ్ దీన్ని రంగు డబ్బాల కింద పరుస్తడు, పరిచే ముందు చదువుతడు. వేళ్ళు చూపెట్టే మనిషి ముచ్చట దగ్గరికి రాంగనే ఎవరో తెలిసిపోతది. పాట మళ్ళ పెడ్తడా, నన్ను తెర పక్కకు రానిస్తడా, నాకు తెలువదు. క్షమించమని అడగను. అడిగితే మళ్ళ చాయ్ పోస్తడేమో, అది తాగుడు నాతోని కాదు.

ఒకటి మిగిలింది. ఎవరో వన్స్‌మోర్ అన్నరు అని పైన రాసిన. ఎవరో కాదు. నా నోట్లోంచి ఎట్ల వచ్చిందో నాకే తెలువదు. బయటికొచ్చినంక సిగ్గయింది. నన్ను వద్దనుకున్న సినిమాను ఇంకోసారి చూపించమని నేనే అందరికంటే ముందు అడిగినట్టయింది. ఆ సిగ్గుకే సున్నా వేసిన. పైన ఆ ‘ఎవరో’ను కొట్టెయ్యలేదు, ఇప్పటిదాక ఎట్ల దాచిననో కనబడాలని.

సరిచేసిన లెక్క ఇది. శుక్రవారం, మొదటి ఆట, హాలు నిండుగ. వన్స్‌మోర్‌లు నాలుగు. మొదటిది నాది.